తొక్కడానికి చేసిన డబ్బా

నేను ఒక పెడల్‌ని. సైకిల్‌ది అనుకోకండి, దానికైనా ఊరు తిరిగే భాగ్యం ఉంటుంది. గిటారుకూ స్పీకరుకూ మధ్య, నేల మీద పడి ఉండే స్టీలు డబ్బాను నేను. వాయించేవాడి రెండు చేతులూ గిటారు మీదే ఉంటాయి కాబట్టి నన్ను కాలితోనే తొక్కాలి. తొక్కితే మెత్తగా పలికే తీగలు గరగరమని గొంతు చించుకుంటాయి. తొక్కకపోతే నేను ఉన్నా లేనట్టే. ఇంత చిన్న సంగతి తలకెక్కక ఒక మనిషి చచ్చిపోయాడు. నా కడుపుమంటంతా అదే.

నన్ను చేసింది సులోచన. మల్కాజిగిరిలో ఉండేది. టీవీల ఫ్యాక్టరీలో సోల్డరింగ్ పని. అమ్మానాన్నలు పోయాక తమ్ముడు ఉపేందర్‌ను తానే పెంచింది. వాడు రాక్ బ్యాండ్ పెట్టి, ఫారిన్ పెడల్ కావాలని గోల చేస్తే, నాలుగు ఆదివారాలు కూర్చుని పాత రేడియోల సామానుతో నన్ను తయారుచేసింది. పైన తొడిగింది తన టిఫిన్ డబ్బానే. మూత సొట్టపోకుండా లోపల చెక్క ముక్క బిగించింది. ఆమె వేలు రెండుచోట్ల కాలింది, నాకు బాగా గుర్తు.

మొదటిరోజు ఉపేందర్ నా మీద కాలు పెట్టి, తప్పు చేసినవాడిలా వంగి నన్ను తాకి కళ్ళకద్దుకున్నాడు. సులోచన పకపకా నవ్వింది.

"ఏందిరా, గదేమన్న దేవుడా? తొక్కనీకే జేసిన. గట్టిగ తొక్కు!"

తొక్కాడు. పదేళ్ళు తొక్కాడు. ఎన్ని కాలేజీ మైదానాలు, ఎన్ని ఈలలు! సులోచన స్టేజీ పక్కన చెవుల్లో దూది పెట్టుకుని మురిసిపోతూ కూర్చునేది.

మందు కూడా ఆ ఈలలతోనే వచ్చింది. కచేరీ పెట్టినవాళ్ళు స్టేజీ వెనక సీసా చేతికిచ్చేవారు. "మందు పడితే అన్న వేళ్ళు ఉరుకుతయ్" అనేవారు అభిమానులు. అబద్ధం. వేళ్ళు ఉరకలేదు, తడబడ్డాయి. ఆ తప్పులన్నిటినీ నా గరగరలో కలిపేసి దాచింది నేనే. ఆ పాపంలో నాకూ వాటా ఉంది, కాదనను.

ఒకసారి బెజవాడలో కచేరీ అయ్యాక ఒళ్ళు తెలియకుండా తాగి పడుకున్నాడు. ఫోను మోగుతూనే ఉంది. ఫ్యాక్టరీలో సులోచనకు గుండెపోటు వచ్చిందని చెప్పడానికి! మర్నాడు వాడు ఇల్లు చేరేసరికి ఆమెను శ్మశానానికి తీసుకెళ్ళిపోయారు. ఆఖరి చూపు కూడా దక్కలేదు.

వాడు నన్ను తుడిచి, కుంకుమ పెట్టి, ఆమె ఫొటో కింద కూర్చోబెట్టాడు. "అక్క చేతి పని. ఇగ దీని మీద కాలు వెట్ట" అన్నాడు. అక్క మీద ఎంత ప్రేమో అని కాలనీ అంతా కళ్ళొత్తుకుంది. నాకు ఒళ్ళు మండింది. నేనేమిటి, పూలేమిటి? గిటారు గోడకెక్కింది. వాడు తలుపేసుకుని నా ఎదుట కూర్చుని తాగేవాడు. అక్క గుర్తొచ్చిందని ఒక గ్లాసు, గుర్తు రాకూడదని ఇంకొకటి. అగరొత్తుల పొగ, బ్రాందీ వాసన, మధ్యలో నేను. ఎవరొచ్చి పిలిచినా తలుపు తీయలేదు.

డ్రమ్స్ వాయించే ప్రభుదాస్ ఒక్కడే వదల్లేదు. తలుపు బద్దలుకొట్టి లాక్కెళ్ళి, మందు మాన్పించే కేంద్రంలో చేర్పించాడు. నలభై రోజులకు ఉపేందర్ చేతి వణుకు తగ్గింది. ఒక మధ్యాహ్నం ప్రభుదాస్ వాణ్ణీ, గిటారునూ, నన్నూ తన ఇంటికి తెచ్చి, నా కుంకుమ తుడిచి, కొత్త బ్యాటరీ వేసి, వాడి కాళ్ళ దగ్గర పెట్టాడు.

"అన్నా, ఒక్కసారి తొక్కు. మళ్ళ పడతవ్ లైన్ల."

ఉపేందర్ గిటారు తగిలించుకుని కాలెత్తాడు. తొక్కరా, తొక్కు! బతుకులో నేను ఇంకేదీ అంతగా కోరుకోలేదు. కాలు నా మీద గాలిలోనే ఆగి, పక్కకు దిగింది.

"అక్క నెత్తి మీద కాలు వెట్టినట్టుంటది రా దాసు. నాతోని గాదు."

"అక్కనే తొక్కుమన్నది గదనే!"

వినలేదు. గిటారు కింద పెట్టి, నన్ను చంకన పెట్టుకుని, తిన్నగా వైన్ షాపుకే నడిచాడు. దారంతా వాణ్ణి తిట్టాలని ఉంది నాకు. నేను అరవాలన్నా వాడి కాలే కావాలి, ఏం చేయను!

రెండేళ్ళకు కాలేయం పాడై చనిపోయాడు. పోయిన సంగతి పక్కింటివాళ్ళకు వాసన వస్తే గానీ తెలియలేదు. సంస్మరణ సభకు మాత్రం హాలు చాలలేదు. సీసాలు అందించిన చేతులే దండలు తెచ్చాయి. నన్ను పళ్ళెంలో పెట్టి స్టేజీ ఎక్కించి, రెండు నిమిషాలు మౌనం పాటించారు.

ఇప్పుడొక సంగీత పాఠశాలలో అద్దాల పెట్టెలో ఉన్నాను. ముట్టుకోరాదని బోర్డు పెట్టారు. వచ్చినవాళ్ళు చెప్పులు విప్పి మరీ దండం పెడుతున్నారు. మీ దండాలు ఎవరిక్కావాలి? ఒక్కరైనా ఈ అద్దం పగలగొట్టి, చెప్పుల కాళ్ళతోనే వచ్చి నన్ను తొక్కండి. వాడు పోయాక నేను ఇంతవరకూ ఒక్కసారి కూడా ఏడవలేదు.