ట్యాంకు మీద డ్రాగన్

లిఫ్టులు బాగుచేయడం నేర్పే ఒక సంస్థ హాస్టల్లో మాకు గదులిచ్చారు. వాళ్ల విద్యార్థులకు సెలవులు. సెలవులు ముగిసేదాకా ఆ భవనాన్ని సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రాయాలనుకునేవాళ్ల వర్క్‌షాప్‌కు ఇచ్చారు. మేం కూర్చునే హాల్లో గోడకు లిఫ్టు తలుపు బిగించి ఉంది. మీట నొక్కితే తెరుచుకుంటుంది. వెనక ఇటుక గోడ. పిల్లలు పని నేర్చుకోవడానికి పెట్టారట. మొదటి రోజు ఆ తలుపు వెనక ఒకరికి వేరే లోకం కనిపించింది, ఇంకొకరికి వేరే కాలం. నేను రెండుసార్లు మీట నొక్కి చూసి, దీన్ని ఎప్పుడు బిగించారని వాచ్‌మన్‌ను అడిగాను.

నా సంగతి నాకు అక్కడే అర్థం కావాల్సింది.

ముప్పై ఏళ్లు దినపత్రికలో మునిసిపల్ వార్తలు రాశాను. నీళ్లు, మురుగుకాలవలు, వీధిదీపాలు, కౌన్సిల్ సమావేశాలు. రిటైరై ఇంటికి రాగానే నవల రాస్తానని ప్రకటించాను. డ్రాగన్ నవల. డ్రాగనెందుకని మా ఆవిడ అడిగింది. మునిసిపాలిటీకి సంబంధం లేనిదేదైనా రాయాలని ఉందన్నాను.

మా ఆవిడ అదే పత్రికలో ప్రూఫ్‌రీడర్‌గా పనిచేసింది. నా వాక్యాలు ఆమెకు నాకన్నా బాగా తెలుసు. ఆమె తమ్ముడు ఒక టైల్స్ కంపెనీలో మేనేజరు. ఆ కంపెనీ నెలనెలా ఒక పత్రిక వేసి డీలర్లకు పంచుతుంది. దానికి ఎడిటర్‌గా రమ్మని నా వెంట పడ్డాడు. వర్క్‌షాప్ అయ్యేలోగా ఏ సంగతీ తేల్చి చెప్పమన్నాడు.

బయల్దేరే ముందు మా ఆవిడ ఒక షరతు పెట్టింది.

"నవలంటే ఏళ్ల తరబడి మీరు ఆ గదిలో కూర్చుంటారు. నేను టీలు మోయాలి. అందుకే ముందే ఒక మాట అనుకుందాం. అక్కడ మీరు రాసింది విని ఒక్క మనిషి, ఒక్కరంటే ఒక్కరు, తర్వాతేమైందని అడిగితే వచ్చి రాసుకోండి. ఎవరూ అడక్కపోతే దారిలోనే తమ్ముడికి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పేయండి."

"మర్యాదకి అడిగితే?"

"మర్యాదకి అడిగిందేదో మీకు తెలీదా? ముప్పై ఏళ్లు కమిషనర్లని అడిగారు."

వర్క్‌షాప్ నడిపేది ఒక రచయిత్రి. అందరం మేడం అనేవాళ్లం. ఆమె పద్ధతి ఇది. కుర్చీలు గుండ్రంగా వేస్తారు. ఒకరు తమ కథ చదువుతారు. తర్వాత ఒక్కొక్కరే ఆ కథ గురించి మాట్లాడతారు. అంతసేపూ రాసినవాడు నోరు విప్పకూడదు. చివర్లో థాంక్స్ చెప్పొచ్చు. అంతే.

నా వంతు వచ్చింది. చదివాను.

"నగరంలోని పాత వాటర్ ట్యాంకుపై మంగళవారం ఉదయం డ్రాగన్‌గా భావిస్తున్న ఒక జీవి వాలినట్టు తెలుస్తోంది. దాని నోటి నుంచి మంటలు వచ్చినట్టు స్థానికులు ఆరోపిస్తున్నారు. దీనిపై డ్రాగన్ వివరణ కోసం ప్రయత్నించగా అందుబాటులోకి రాలేదు."

అలా మూడు పేజీలు.

మొదట పళ్ల డాక్టరు మాట్లాడాడు. మా ఇద్దరిదీ ఒకే గది. రక్తపిశాచి మీద నవల రాస్తున్నాడు. అందులో కథానాయకుడికి కోరలు వంకర.

"రిపోర్టరుగారూ, డ్రాగన్ వాలిందా, వాలలేదా?"

నోరు తెరిచాను. మేడం వేలెత్తింది. "ఆయన్ని కాదు, కాగితాన్ని అడగండి."

"కాగితాన్నే అడుగుతున్నానండీ. తెలుస్తోంది అంటోంది. ఎవరికి తెలుస్తోంది?"

పక్కన డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పే ఆవిడ ఉంది. "మంటలు కూడా ఆరోపణేనా? వీధి తగలబడుతుంటే చూసి చెప్పలేరా మనిషి?"

ఆ తర్వాత రోబో. రోబోల కథలు తప్ప రాయడు కాబట్టి అందరూ అలాగే పిలిచేవారు. "నాకు నచ్చింది. డ్రాగన్‌పై శాఖాపరమైన చర్యలు తీసుకుంటామని కమిషనర్ చెప్పాడు చూడండి, అక్కడ భలే నవ్వొచ్చింది."

అది నేను నవ్వించడానికి రాయలేదు. భయపెట్టడానికి రాశాను.

చివరికి మేడం నా వైపు తిరిగింది. "ఇన్నేళ్లూ మీరు నిజాలే రాశారు. కానీ దేనికీ మీరు పూచీ పడలేదు. వాళ్లన్నారు, వీళ్లన్నారు అని రాశారు. ఇక్కడ అనడానికి ఎవరూ లేరు. మీరే అనాలి. వాలిందంటే వాలింది."

థాంక్స్ చెప్పాను. తర్వాతేమైందని ఎవరూ అడగలేదు. భోజనాల దగ్గర రోబో ఒక్కడు అడిగాడు, అదీ పెన్షన్ ఎంత వస్తుందని.

మర్నాడు గదిలో కూర్చుని "ట్యాంకు మీద డ్రాగన్ వాలింది" అని రాశాను. వెంటనే చెయ్యి ఆగిపోయింది. డ్రాగన్ బరువెంత? పాతిక టన్నులనుకుందాం. ఆ ట్యాంకు పైకప్పు పాతిక టన్నులు మోస్తుందా? మొదటి వాక్యంలోనే ట్యాంకు కూలితే ఇక నవలెక్కడిది? ఇంకొకరెవరైనా అయితే మోస్తుందని రాసి ముందుకు పోయేవాళ్లు. నేను వరండాలోకి వెళ్లి మా ఊరి నీటి సరఫరా ఇంజినీరుకు ఫోన్ చేశాను.

"పాత ట్యాంకు పైకప్పు మీద పాతిక టన్నుల బరువు ఒక్కసారిగా పడితే ఏమవుతుంది?"

అవతల తలుపు మూసిన చప్పుడు.

"ఎందుకు సార్ అడుగుతున్నారు?"

డ్రాగన్ కోసమని చెప్పాలి. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఈయన శాఖలో పైపుల కొనుగోలు మీద విచారణ వేయించిన మనిషిని నేను. నన్ను చూస్తే లేచి నిలబడేవాడు. ఆయన దగ్గర డ్రాగన్ మాట ఎత్తడానికి సిగ్గేసింది.

"ఊరికే."

"మీరు ఊరికే ఎప్పుడడిగారు సార్? ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరు చెప్పారో చెప్పను. నా పద్ధతి మీకు తెలుసుగా."

అలవాటు కొద్దీ వచ్చేసింది ఆ మాట. ఎన్ని ఒత్తిళ్లొచ్చినా సోర్సు పేరు బయటపెట్టనివాణ్ణి. ఈసారి కాపాడింది డ్రాగన్‌ని.

"బరువు పడే అవకాశం ఉందంటారా?"

కథలో ఉంది కాబట్టి ఉందన్నాను.

"సరే సార్. నేను చూసుకుంటాను," అని ఫోన్ పెట్టేశాడు. ట్యాంకు మోస్తుందో లేదో చెప్పలేదు. జవాబు రాలేదు కాబట్టి నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను.

రెండ్రోజుల తర్వాత టిఫిన్ తింటుంటే మా ఆవిడ ఫోన్ చేసింది.

"ఏవండీ, కుళాయిలు రావడం లేదు. పాత ట్యాంకు ఖాళీ చేశారట. వీధి వీధంతా ట్యాంకర్ లారీ దగ్గర ఉంది. మీ పేపర్లో కూడా మొదటి పేజీలో పడింది. చదవనా?"

వద్దనేలోగా చదివింది.

"'పాత వాటర్ ట్యాంకుకు ముప్పు పొంచి ఉన్నట్టు విశ్వసనీయ వర్గాల ద్వారా తెలుస్తోంది. పైకప్పుపై భారీ బరువు పడే ప్రమాదం ఉందని ఒక సీనియర్ పాత్రికేయుడు అధికారుల దృష్టికి తెచ్చినట్టు సమాచారం.' ఇంతకీ ఎవరండీ ఆ సీనియర్ పాత్రికేయుడు?"

టిఫిన్ ప్లేటు పక్కకు జరిపాను.

"డ్రాగన్ కోసం ఫోన్ చేశాను."

"డ్రాగన్ కోసం."

"బరువు సంగతి తెలుసుకుందామని."

"నేనిక్కడ మూడో అంతస్తుకి బకెట్లు మోస్తున్నాను. బరువు సంగతి నన్నడగండి, చెప్తాను."

నేను కల్పించిన మొదటి సంగతి మొదటి పేజీలో పడింది. ఊరంతా నమ్మింది. నమ్మనిది నా చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చున్నవాళ్లే.

ఇంజినీరుకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆయన ఒక్కొక్క మాటే పట్టుకున్నాడు.

"డ్రాగన్."

"అవును."

"మంటలు కక్కేదా?"

"అదే. నవల్లో."

"నిన్నంతా మనుషుల్ని లోపలికి దింపాను సార్. గోడలు తట్టి తట్టి చూశారు. పగులన్నది లేదు. అడుగున ఒక చెప్పు దొరికింది. ఇప్పుడు కమిషనర్‌కి ఏమని చెప్పమంటారు?"

"తప్పు నాదని చెప్పండి. కావాలంటే నేనే వచ్చి చెప్తాను."

"మీరొచ్చి డ్రాగన్ అంటే నా ఉద్యోగం పోతుంది. ఎలాగూ దిగారు కదా అని కడిగించాను. ఏటా చేయాల్సిన శుభ్రత చేశామని చెప్తాను. అందులో అబద్ధమేం లేదు. రేపటికి నీళ్లొస్తాయి. ఈసారి డ్రాగన్ సంగతైతే డ్రాగన్ అనే చెప్పండి సార్. నవ్వేసి ఊరుకుంటాను, ట్యాంకు ఖాళీ చేయను."

మా పేపర్‌కు కూడా ఫోన్ చేసి సవరణ వేయమన్నాను. నా సీట్లోకి వచ్చిన కుర్రాడు ఏమని వేయాలో చెప్పండి సార్, రాసుకుంటాను అన్నాడు. చెప్పాను. అతను ఫోన్ చేత్తో మూశాడు కానీ సరిగ్గా మూయలేదు. డెస్కంతా నవ్వడం వినిపించింది.

ఆ ఫోన్ పెట్టగానే బావమరిది చేశాడు. అక్క చెప్పినట్టుంది, వాడు కూడా నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"బావా, మీరు ఒక్క ఫోన్ చేస్తే ఊరు ఊరంతా నమ్మింది. మా టైల్స్ పగలవని మేం ఏళ్ల తరబడి చెప్తున్నాం, అమ్మే డీలర్లే నమ్మరు. మాకు కావాల్సింది మీలాంటి మనిషే. మావాళ్లతో మాట్లాడాను, జీతం ఇంకాస్త పెంచుతామన్నారు. రేపు సాయంత్రంలోగా చెప్పండి. ఆ తర్వాత వేరేవాళ్లని తీసుకుంటారు, నా చేతుల్లో ఉండదు."

రేపు సాయంత్రం అంటే వర్క్‌షాప్ ఆఖరి రోజు. పొద్దున నేను మళ్లీ చదవాలి. చదవడానికి నా దగ్గరున్నది ఒక్క వాక్యం.

నిజం చెప్పాలంటే ఆ ఉద్యోగం మీద మనసు పోయింది. అక్కడ కుర్చీ ఉంటుంది, టేబులుంటుంది, గోడలు మెరుస్తాయి. టైల్స్ ఉన్నాయా లేవా అని ఎవరూ అడగరు.

మధ్యాహ్నం గదిలో కాగితం ముందు కూర్చున్నాను. "డ్రాగన్ ట్యాంకు మీద వాలింది. ట్యాంకు నిలిచింది," అని రాశాను. ఎవరైనా అభ్యంతరం చెబుతారేమోనని ఆగాను.

పక్క మంచం మీంచి పళ్ల డాక్టరు తలెత్తాడు. "ఏమిటి, మీలో మీరే గొణుక్కుంటున్నారు?"

"ట్యాంకు నిలిచిందని రాశాను."

"ఎవరు చెప్పారు?"

"నేనే."

"మరింకేం," అని మళ్లీ కోరల్లో పడ్డాడు.

మర్నాడు చదివాను. డ్రాగన్ వాలింది. కింద మనుషులు దాన్ని చూడలేదు, ట్యాంకు ఒరుగుతోందేమోనని పగుళ్లు చూసుకుంటున్నారు. ఇంజినీరు నీళ్లు వదిలేశాడు. వీధి లారీ దగ్గర నిలబడింది. ఒకావిడ బకెట్‌తో మూడో అంతస్తుకి ఎక్కుతూ, మెట్ల మధ్యలో బకెట్ దించి, కిటికీలోంచి పైకి చూసింది. డ్రాగన్ ట్యాంకు మూతలోంచి తల లోపలికి పెట్టింది. అడుగున నీళ్లు లేవు. ఒక చెప్పు ఉంది. అక్కడికి పేజీ అయిపోయింది.

డాక్టరు మొదలుపెట్టాడు. "నాకొకటి అర్థం కాలేదు. నీళ్లు లేకపోతే మరి డ్రాగన్ ఏం తాగుతుంది?"

"డ్రాగన్లు నీళ్లు తాగవు," అన్నాడు రోబో. "ఆరిపోతాయి."

"మీకెవరు చెప్పారు?" అంది డ్రైవింగ్ స్కూలావిడ. "ట్యాంకు ఎండిపోతే లారీ దగ్గరికి దిగుతుంది. ఇంకెక్కడికి పోతుంది?"

"లారీలో నీళ్లు దానికొక్క గుక్క. వీధిలోవాళ్లు ఊరుకుంటారా?" అన్నాడు డాక్టరు.

"ఊరుకోక? మీరు వెళ్లి ఆపండి డ్రాగన్‌ని."

"ఇది విమర్శ కాదు," అంది మేడం. "కథ గురించి మాట్లాడండి. రెండో పేరాలో దాదాపు అన్న మాట నాలుగుసార్లుంది, అది చూడండి." తర్వాత నా కాగితం మళ్లీ తీసి చూసింది. "కానీ నాకు తెలిసి అది లైన్లో నిలబడుతుంది."

"డ్రాగనా? లైన్లోనా?"

భోజనాల బెల్లు కొట్టారు. ఎవరూ లేవలేదు. నేను థాంక్స్ చెప్పాను. ఎవరూ వినలేదు.

సంచి సర్దుకుని వరండాలోంచి మా ఆవిడకు ఫోన్ చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. తర్వాతేమైందని నన్నెవరూ అడగలేదు. వాళ్లే ఒకరినొకరు అడిగారు. అది లెక్కలోకి వస్తుందో రాదో నువ్వే తేల్చాలన్నాను.

"చదవండి," అంది.

చదివాను. మధ్యలో ఒకచోట ఆపి, ఆ వాక్యానికి కర్త లేదు చూసుకోండి అంది. చూసుకున్నాను. పేజీ అయిపోయింది. అవతల కుళాయి కట్టేసిన చప్పుడు. నీళ్లు వచ్చినట్టున్నాయి.

"తమ్ముడికి నేను చెప్పుకుంటాలెండి."

"ఏమని?"

"మీకు ఖాళీ లేదని. ముందిది చెప్పండి. ఆ మూడో అంతస్తావిడ కిటికీలోంచి పైకి చూసిందన్నారు కదా. అది ఆవిణ్ణి చూసిందా?"

"ఇంకా తెలీదు," అన్నాను.

ఆమె ఫోన్ పెట్టలేదు.