నొక్కకండి, బరువు నాదే

నేను ఒక సేఫ్టీ రేజర్ని. భయపడకండి, పేరులోనే సేఫ్టీ ఉంది. కాకపోతే పట్టుకోవడం తెలియని చేతిలో పడితే ఆ సేఫ్టీ ఏపాటిదో, నన్ను నమ్మి చెంప అప్పగించినవాళ్లని అడగండి, వాళ్లే చెప్తారు!

నాది మూడు ముక్కల ఒళ్లు. నెత్తిన టోపీలాంటి మూత, దాని కింద పళ్లున్న రేకు, ఆ కింద ఇత్తడి పిడి. మూతకీ రేకుకీ మధ్య బ్లేడు పడుకుంటుంది. నన్ను పుట్టించిన ఫ్యాక్టరీలో తడి చేతికి జారకూడదని పిడి నిండా గళ్లు గీశారు. అంతా చేశారు గానీ, నన్ను ఎలా పట్టుకోవాలో మాత్రం మనుషులకి చెప్పకుండా సంతకి తోలేశారు. మనుషులేమో ఏ వస్తువైనా చేతికి రాగానే పిడికిలి బిగించేస్తారు!

బొబ్బిలి సంతలో నన్ను మొదట చేపట్టినవాడు దాలినాయుడు. రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్. రోజంతా సుత్తి పట్టిన చెయ్యి కదా, నన్నూ సుత్తిలాగే పట్టాడు. మర్నాడు పనిలోకి వెళ్తే "ఏరా, పిల్లితో తగువాడినావా?" అని తోటివాళ్లు ఒకటే నవ్వు. ఆ ఉక్రోషంతో పట్టు మార్చాడు. బీడీ పట్టుకున్నట్టు వేళ్ల కొసలతో, పిడి చివర తేలిగ్గా. అంతే! నేను చెంప మీద సర్రున జారాను. సబ్బు నురగతో పాటు వారం రోజుల గడ్డం కిందికి దిగిపోయింది. కొడుక్కి మీసాలొచ్చే ఈడు రాగానే నూతి దగ్గర కూర్చోబెట్టి చెప్పాడు: "ఒరే, నొక్కకు. బరువు దానిదే. నువ్వు దారి సూపెట్టు, సాలు."

దాలినాయుడు పోయాక అతని భార్య కన్నమ్మ నన్ను కొడుకు పైడిరాజు చేతిలో పెట్టింది. అక్కడ మొదలైంది నా అసలు వైభవం! పగలు పైడిరాజు రోడ్డు పక్కన కొబ్బరి బోండాలు కొడతాడు. జాతర వస్తే మాత్రం నాటకంలో రాణి. అవును, రాణే! వాళ్ల ఊళ్లో ఆడవేషాలు మగవాళ్లే కడతారు. వాళ్ల గురువు, హార్మోనియం సన్యాసిరావు మేస్టారు, పట్టుచీర కొంగు తీసుకుని ఆడవేషగాడి దవడ మీద ఒక్క లాగు లాగుతాడు. పట్టు పోగు ఎక్కడైనా చిక్కుకుందా, ఆ పూటకి వేషం లేదు. పైడిరాజు దవడ మీద కొంగు ఏనాడూ చిక్కుకోలేదు. ఆ చప్పట్లలో నా వాటా ఎంతో నాకు తెలుసు. చెప్పుకుంటే గొప్పలంటారని ఊరుకున్నాను.

అలాంటి నా పని ఒక్కసారిగా ఆగిపోయింది. ఎందుకో తెలుసా? పైడిరాజు భార్య నూకరత్నం నీళ్లోసుకుంది! పెళ్లాం కడుపుతో ఉంటే మొగుడు గడ్డం గీయకూడదట. కడుపు ఆవిడకి, శిక్ష నాకు. నెలల తరబడి గూట్లో పడుకున్నాను. పైడిరాజు గడ్డం చూస్తుండగానే చీపురుకట్టయింది. నూకరత్నం తల్లి లేని పిల్ల, పురుడు అత్తవారింట్లోనే పోసుకుంది. ఆడపిల్ల పుట్టిన కేక విని గూట్లో నేనెంత పొంగిపోయానో! రేపే నాకు పని అనుకున్నాను. పురుడు వెళ్లేదాకా ఆగాలన్నారు. సరే, ఆగాను.

పురిటి స్నానం నాడు మంగళవారం పడింది. అమ్మవారి జాతరా అదే మంగళవారం, సాయంత్రం నాటకం. సోమవారం గీయిద్దామంటే పురుడు తీరలేదు. మంగళవారం గీయిద్దామంటే క్షవరాల షాపుకి సెలవు, ఊళ్లో ఎవరూ కత్తి పట్టరు. పోనీ తనే గీసుకుందామంటే, బాలింతకి లేత బోండం కొడుతుంటే కత్తి జారి, గబుక్కున అందుకోబోయి కుడిచేతి బొటనవేలికి ఇంత లావు కట్టు! దీనికి తోడు మేస్టారు కబురు: "పొద్దు వాలకముందే వచ్చి చూస్తాను. మొహం నున్నగా లేదా, గరివిడి నుంచి ఇంకొకణ్ణి దింపుతాను." కిరీటం ఒకసారి ఇంకొకడి నెత్తికెక్కితే మళ్లీ దిగదని ఆ మేళంలో అందరికీ తెలుసు.

పైడిరాజు నన్ను గూట్లోంచి తీసి ఎడమచేత్తో పట్టుకున్నాడు. పట్టు కుదరలేదు. అద్దంలోకి చూసి నన్ను కింద పెట్టేశాడు. పదేళ్లుగా కట్టిన వేషం పోతుందంటే, గడ్డంలోంచి కూడా కనబడింది ఆ దిగులు.

"ఇలా తే. నాను గీస్తాను," అంది నూకరత్నం.

"నువ్వా? పసిగుంట గోళ్లు తీయడానికే బయపడి నోటితో కొరుకుతావు, నా పీక మీదేటి కత్తెడతావు?"

నిజమే, ఆ పిల్ల భయం మామూలుది కాదు. పాప తుమ్మితే జ్వరమేమో, తుమ్మకపోతే ఇంకేమో. ఊపిరాడుతోందో లేదో అని నిద్రపోయే పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది.

"బయమే మావా," అంది. "నువ్వలా మొగం వేలాడేసుకుని కూకుంటే ఇంకా బయం."

ఇంతలో వంటింట్లోంచి కన్నమ్మ కేక. "ఒలే కోడలా! మంగళారం పూట ఇంట్లో గడ్డం గీస్తారేటే? ఇంటికి అరిష్టం కాదేటి?"

"మరి అమ్మోరి ఆట ఆగిపోతే అరిష్టం కాదా, అత్తా?"

కన్నమ్మ గరిటె పక్కన పెట్టింది. తర్వాత తనే వచ్చి కత్తెర తెచ్చిచ్చింది. "అమ్మ పనికి మంగళారమే మంచిదిలే," అని తీర్పు కూడా చెప్పేసింది. మనుషుల శాస్త్రాలు నా బ్లేడు కంటే తేలిగ్గా వంగుతాయి!

కత్తెరతో గుబురంతా దించారు. వేడినీళ్ల గుడ్డ వేసి నానబెట్టారు. సబ్బు నురగ రాశారు. కొత్త బ్లేడు తొడిగి మర బిగించారు. అబ్బ, ఎన్నాళ్లకి! నా ఇత్తడి ఒళ్లు జివ్వుమంది.

అప్పుడు నూకరత్నం నన్ను పట్టుకుంది. పిడికిలి నిండా బిగించి, కదలకుండా అతని గడ్డానికి ఆనించి, "ఊ, మొగం ఆడించు మావా," అంది.

నాకు అర్థం కాలేదు. పైడిరాజుకీ కాలేదు.

"మొగమేటి, ఆడించడమేటి?"

"కత్తిపీట కదుల్తాదేటి? వంకాయే కదా కదలాలి!"

చూశారా! ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కాలి కింద కత్తిపీట తొక్కిపట్టి కూరలు తరిగింది. కత్తి నిలబడుతుంది, కాయ జరుగుతుంది. అదే ధర్మమనుకుంది. పాపం పైడిరాజు, కళ్లు మూసుకుని వంకాయలాగే మొహం ఒక్క జరుపు జరిపాడు. "అబ్బా!" గడ్డం కింద ఎర్రటి గాటు. నూకరత్నం నన్ను నీళ్ల గిన్నెలో వదిలేసి రెండు చేతులతో కళ్లు మూసుకుంది. ఉయ్యాల్లో పాప కూడా ఏడుపు అందుకుంది. గిన్నె అడుగున పడి నేను గొల్లుమన్నాను, ఎవరికి వినబడుతుంది?

కన్నమ్మ పటిక రాసింది. "సాలింక. ఆ గరివిడోడే కట్టుకుంటాడు ఏసం," అంది.

ఆ మాటకి నూకరత్నం కళ్ల మీంచి చేతులు తీసింది. "మావా, మీ నాన్న నీకేటి సెప్పినాడు? ఇంకోసారి సెప్పు."

"నొక్కొద్దన్నాడు. బరువు దానిదే అన్నాడు. దారి సూపెడితే సాలన్నాడు."

ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది. ఉన్నట్టుండి మొహం వెలిగిపోయింది. "అంటే అట్టు పోసినట్టా! గరిటె నొక్కితే పిండి చిరిగిపోద్ది. ఊరికే ఆనించి తిప్పాలి!"

"ఆఁ... అలాగే అనుకో," అన్నాడు పైడిరాజు, సగం ప్రాణంతో.

ఈసారి పట్టు చూడండి! బొటనవేలు ఒక వైపు, రెండు వేళ్లు రెండో వైపు, చిటికెన వేలు పిడి అడుగున ఊతంగా. ఎడమచేత్తో చర్మం పైకి లాగి సాపు చేసింది. నా టోపీ అంచు చెంపకి ఆనించింది. పిడి మెల్లగా కిందికి వాలుస్తూ పోయింది. "ఇంకా, ఇంకా," అని నేను తొందరపడుతున్నాను. బ్లేడు అంచు వెంట్రుకకి తగలగానే కిర్రుమంది. ఆ చప్పుడే నా భాష! ఆ పిల్లకి వినబడింది. అక్కడే ఆగింది, ఆ వాలు వదల్లేదు. వెంట్రుక ఏ వైపు వాలితే ఆ వైపే, పొట్టి పొట్టి గీతలు. ఒక గీత, నీళ్లలో ఒక ముంచు. మళ్లీ గీత. అడ్డంగా మాత్రం జరపలేదు. నేను జారుతున్నానా, తేలుతున్నానా! పెదవి పైన వచ్చేసరికి పైడిరాజు నాలుక లోపలినుంచి ఉబ్బించి ఇచ్చాడు, పీక దగ్గర తల వెనక్కి వాల్చాడు. ఏడుస్తున్న పాప ఎప్పుడు ఊరుకుందో కూడా ఎవరూ చూడలేదు.

సన్యాసిరావు మేస్టారు రానే వచ్చాడు. భుజాన పట్టుచీర. పలకరింపు లేదు, కొంగు తీసి కుడి దవడ మీద లాగాడు. జారింది. ఎడమ దవడ మీద లాగాడు. జారింది. గడ్డం కింద చిక్కుకుంది!

"గాటు చుట్టూ వదిలేశారు," అన్నాడు మేస్టారు. "గరివిడికి మనిషిని పంపాలి."

"ఆగండి మేస్టారూ," అంది నూకరత్నం. ఆయన ముందే నన్ను అందుకుంది. గాటుకి ఒక పక్క వేలు అడ్డం పెట్టి, రెండో పక్క నన్ను ఊపిరంత తేలిగ్గా ఆనించి, రెండే రెండు గీతలు. చెయ్యి వణకలేదు. నాది ఇత్తడి ఒళ్లు కాబట్టి నాకు తెలుసు, ఒక్క పిసరు వణకలేదు. "ఇప్పుడు లాగండి."

మేస్టారు లాగాడు. పట్టుకొంగు నీళ్లలా జారిపోయింది.

"పద రాణీ, పౌడరు రాయాలి," అన్నాడాయన. అంతే, అంతకంటే మెచ్చుకోలు ఆయన నోట రాదు.

పచ్చి బాలింత జాతరకి వెళ్లకూడదు కాబట్టి నూకరత్నం ఇంట్లోనే ఉండిపోయింది. నన్ను కడిగి, మర వదులు చేసి, కిటికీలో ఆరబెట్టింది. దీపాలు పెట్టే వేళకి మైకులో హార్మోనియం మోగింది. రాణి పద్యం ఎత్తుకుంది. ఆ పిల్ల ఊపిరి బిగబట్టింది, నేనూ బిగబట్టాను. పద్యం ముగియగానే ఈలలు, చప్పట్లు. ఒకటే హోరు!

ఆ హోరులోనే కన్నమ్మ రొప్పుతూ పరిగెత్తుకొచ్చి గుమ్మంలో కూలబడింది. "ఒలే రత్నం! స్టేజీ అంతా నా కొడుకుని ఎతుకుతున్నానే, కనబడడు! ఎదురుగా మారాణీలాగ ఎవరో నిలబడితే దండం కూడా ఎట్టేశాను. పక్కనోళ్లు నవ్వితే అప్పుడు తెలిసింది!"

నూకరత్నం పడీ పడీ నవ్వింది. ఆ నవ్వుకి లేచిన పాపని గుండెలకెత్తుకుని కిటికీ దగ్గరికి, నా పక్కకి వచ్చింది. రాణి ఇంకో పద్యం అందుకుంది.

"విను తల్లీ," అంది పాప చెవిలో. "మీ నాన్నే."