సీలు విప్పని యుద్ధవిమానం

గిర్రున తిరుగుతున్న మెరుగుపెట్టే గుడ్డచక్రానికి కట్టుడు పళ్ళసెట్టును ఆనించి అతను మళ్ళీ తిట్టుకున్నాడు. కోపం వస్తే లోకమంతా ఊరికే పళ్ళు నూరుతుంది. ఇతనికి అదే జీతం వచ్చే పని. దంతవైద్యుడి క్లినిక్ వెనక, కిటికీలేని గదిలో, మొహం తెలియని మనుషుల చిగుళ్ళు నునుపు చేస్తూనే జుట్టు నెరిసింది. మెరుగుపొడి గోళ్ళ సందుల్లో చేరి ఎంత కడిగినా పోదు. వీధిలో అందరూ పళ్ళాయన అంటారు. ముక్కు మీద కోపమని కూడా అంటారు, అది అబద్ధం కాదు.

ఈరోజు కోపం మాత్రం అన్నయ్య మీద. పొద్దున గడప దాటుతుంటే మంచంలోంచి పిలిచి, సాయంత్రం త్వరగా రమ్మన్నాడు. ఆ డబ్బా విప్పుదామన్నాడు.

చిన్నప్పుడు మేనమామ ఇద్దరికీ కలిపి తెచ్చిన డబ్బా అది. పాత యుద్ధంలో ఒక్క మనిషి కూర్చుని నడిపిన విమానం, ప్లాస్టిక్ ముక్కలుగా లోపల ఉంటుంది. ముక్కలు విరిచి జిగురుతో అతికించుకుంటే అరచేతిలో నిలిచే విమానమవుతుంది. తమ్ముడు ఆ పూటే విప్పుదామన్నాడు. అన్నయ్య వద్దన్నాడు. సీలు విప్పకుండా ఉంచితే పాతబడేకొద్దీ విలువ పెరుగుతుందని ఎవరో చెప్పారట. అంతే, అది బీరువా పైకెక్కింది. తర్వాత తమ్ముడు సొంత జీతంతో అలాంటివి ఎన్నో కొని కట్టాడు. అతని గది కప్పు నిండా దారాలకు విమానాలే. కానీ మొదట మనసుపడింది దాని మీద. అడిగినప్పుడల్లా అన్నయ్యది ఒకటే మాట, తొందరేముందని. గడ్డివాము దగ్గర కుక్క నయం, అదైనా మొరుగుతుంది.

అన్నయ్య గోడౌనులో స్టోర్‌కీపరుగా చేసి రిటైరయ్యాడు. వచ్చిన పెట్టె వచ్చినట్టే ఉండాలన్న అక్కడి నియమాన్ని ఇంటికి మోసుకొచ్చాడు. కొత్త చొక్కాలు కవర్లలోనే పసుపెక్కాయి. గాజు గ్లాసులు చుట్టాల కోసమని బీరువాలోనే ఉండిపోయాయి. వదిన కాపురానికొచ్చిన నాటినుంచీ సొట్ట గ్లాసులోనే తాగింది. ఇప్పుడు ఊపిరితిత్తులు చెడి, ఆసుపత్రివాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నాక, ఈయనగారికి విప్పాలని బుద్ధి పుట్టింది.

ఇప్పుడా అనుకుంటూ పళ్ళాయన చెయ్యి బిగించాడు. చక్రం పళ్ళసెట్టును లాక్కుని గోడకేసి కొట్టింది. అది రెండు ముక్కలైంది. డాక్టరు తొంగిచూసి ఏమిటా చప్పుడన్నాడు. అతను ఏప్రన్ విప్పి మేకుకు తగిలించి, ఎండ ఉండగానే ఇంటికి నడిచాడు.

అన్నయ్య దిళ్ళకు ఆనుకుని ఉన్నాడు, ఒళ్ళో డబ్బాతో. పాత టేపు గోరు తగలగానే రాలిపోయింది. లోపల చూసేసరికి అతనికి ఒళ్ళు మండింది. అన్ని వేసవుల వేడికి ఒక రెక్క వంకరపోయింది. జిగురు ట్యూబు రాయైంది. నానబెట్టి రెక్కల మీద అంటించాల్సిన బొమ్మగుర్తుల్ని నీళ్ళలో వేస్తే పొట్టులా విడిపోయి తేలాయి.

“చూశావా నీ విలువ?” అన్నాడు. “అప్పుడే విప్పుంటే రెక్క తిన్నగా ఉండేది. నీ చెయ్యీ తిన్నగా ఉండేది. ఆలస్యం అమృతం విషం అని ఊరికే అన్నారా?”

“తిట్టు. తిట్టుకుంటూనే అంటించు,” అన్నాడు అన్నయ్య.

తిడుతూనే అంటించాడు. రంగు వెయ్యనిదే ముక్క అతికించని మనిషి, ఆ రోజు రంగు జోలికి పోలేదు. వంకర రెక్కను వేడినీళ్ళలో ముంచి సాగదీశాడు. తన జిగురు తెచ్చాడు, ప్లాస్టిక్కును కాస్త కరిగించి కలిపే రకం. గోరంత పైలటును సీట్లో కూర్చోబెట్టి విమానం పొట్ట మూశాడు. అన్నయ్య ఆయాసపడుతూ ఒక్కో ముక్కే అందించాడు. వదిన ఎవరూ అడక్కుండానే గాజు గ్లాసుల్లో నీళ్ళు తెచ్చింది. అన్నయ్య చూసి ఏమీ అనలేదు. అదీ కోపమే తెప్పించింది. ఇన్నాళ్ళూ ఇలాగే అనకుండా ఉంటే ఏం పోయింది?

పైలటు మీద బోర్లించే అద్దంలాంటి మూత మిగిలింది.

“అది నేను పెడతా,” అన్నాడు అన్నయ్య.

మూత అంచుకు జిగురు రాయబోతే బొటనవేలికీ అంటింది. తుడిచేలోపే అన్నయ్య మూత పెట్టి, దాని మీద బొటనవేలు నొక్కేశాడు.

“పాడుచేశావు. జిగురు వేలితో ముట్టుకుంటే అద్దం కరుగుతుందని తెలీదూ? ఇప్పుడు లాగావంటే మొత్తం ఊడొస్తుంది. ఆరేదాకా కదలకు.”

అన్నయ్య నవ్వాడు.

అతను అటు తిరిగి, చక్రాలు అతికిస్తూ సణిగాడు. చొక్కాల గురించి సణిగాడు, వదినకు ఒక్క ఊరైనా చూపించకపోవడం గురించి సణిగాడు. రేపు రంగు తెస్తాననీ, వద్దంటే ఊరుకోననీ చెప్పాడు. ఇక వేలు తియ్యమన్నాడు. మళ్ళీ గట్టిగా చెప్పాడు. తిరిగి చూస్తే, అన్నయ్య కళ్ళు సగం మూసి ఉన్నాయి. చెయ్యి మాత్రం విమానం మీదే ఉంది.

వదిన వంటగదిలోంచి వచ్చి చూసి, మంచంపట్టె పట్టుకుని కూలబడింది.

వేలు అతనే తీశాడు. కోపం పోలేదు. పోయినవాడి మీద చూపించే దారి లేక ఇంకా పెరిగింది. ఇరుగుపొరుగు వచ్చారు, అన్నయ్యను తీసుకుపోయారు, ఇల్లు కడిగారు.

“ఆ అద్దం మీద మరక పోదా?” అంది వదిన, అందరూ వెళ్ళాక.

“చక్రం మీద పోగొడితే పోతుంది,” అన్నాడతను కసురుతున్నట్టు, దాన్ని ముట్టుకోకుండా.

మంచం పక్క స్టూలు మీద రంగులేని విమానం ఉంది. దాని అద్దంలోంచి పైలటు కనబడడు. కరిగి గట్టిపడ్డ బొటనవేలి గీతలే కనబడతాయి.