సాక్షి సంతకం

"ఏమే, మూడో లంక నుంచి నాలుగో లంకకి పడవలో ఎంతసేపు పడుతుంది?"

ముందుగదిలోంచి మా ఆయన భాస్కరం గారి కేక. నేను వంటింట్లో కొత్త చింతపండు ముందేసుకుని గింజలు తీస్తున్నాను. "ఒక పూటండీ. ఎదురుగాలైతే పూటన్నర," అన్నాను చేతులు ఆపకుండా. "ఆఁ, అదే, ఒక పూట," అని ఆయన అతిథులకి చెప్పారు, తనకే గుర్తొచ్చినట్టు.

అతిథులు బెంగుళూరు నుంచి పొద్దున్న రైల్లో రాజమండ్రిలో దిగారు. శరత్‌చంద్ర అని ఒకాయన, మధులత అని ఒకమ్మాయి. వాళ్ల కంపెనీ ఒక ఆట తయారుచేస్తోందట. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుని, ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర అయిపోయి, పాచికలు వేస్తూ కథని తామే నడుపుకుంటారట. అందుకు వాళ్లకి 'ఏడు లంకల కోట' కావాలట. వారపత్రికలో పదకొండేళ్లు వచ్చిన సీరియల్. రచన: భాస్కరం. దాన్ని ఆటగా మార్చుకోవడానికి లైసెన్సు ఇమ్మని కాగితాలు పట్టుకొచ్చారు.

ఆ సీరియల్లో ఒక్క వాక్యం కూడా ఆయనది కాదు. అన్నీ నేను రాసినవే. కుక్కరు మూడో విజిల్ వేసేలోపు ఒక పేరా, పాలు పొంగేలోపు నాలుగు మాటలు. మా పుట్టిల్లు కోనసీమలో ఒక లంక. రేవు దాటందే మాకు బడి లేదు. వరదకి కొట్టుకుపోయి మళ్లీ ఇంకోచోట తేలే ఆ ఇసకే నా కథ. మొదటి భాగం పోస్టు చేసేటప్పుడు ఆయన తన పేరు రాసేశారు. "అమ్మాజీ అంటే ఎవరికి తెలుసే? హైస్కూలు తెలుగు మాస్టారంటే ఎడిటరు కవరైనా చింపుతాడు. మనిద్దరిలో ఎవరి పేరైతే ఏంటి?" అన్నారు. ఎవరిదైనా ఒకటే అయితే నాదే ఎందుకుండకూడదని అప్పుడు నాకు తోచలేదు. తోచినా అడిగేదాన్ని కాదు, కొత్త కాపురం మరి. చేతిరాత ఆడవాళ్లదిలా ఉందేంటని ఎడిటరు అడిగితే "మా ఆవిడ ఫెయిర్ కాపీ చేస్తుందండి" అన్నారట. ఇంటికొచ్చి అది నాకు చెప్పి మరీ నవ్వారు! సన్మానాలకి ఆయన వెళ్లేవారు, శాలువాలు మడిచి కలరా ఉండలు వేసి బీరువాలో నేను పెట్టేదాన్ని. అత్తగారు బతికున్నన్నాళ్లూ "మావాడు రాసుకుంటున్నాడు, గిన్నెలు చప్పుడు చెయ్యకే" అనేవారు. ఆయన పడక్కుర్చీలో పేపరు చదువుకుంటూ ఉండేవారు. నేను చప్పుడు కాకుండా గిన్నెలు తోమి, తడిచేతులు చీరకి తుడుచుకుని, మావాడు రాసుకుంటున్న భాగం పూర్తిచేసేదాన్ని.

"మాస్టారూ, కథలో పడవ నడిపే ముసలావిడ కూలి కింద మనిషి పేరు తీసేసుకుంటుంది కదండీ," అని మధులత అడుగుతోంది. "ఆటలో ఎవరికైనా ఆ పేరు వెనక్కి తెచ్చుకోవాలనిపిస్తే కుదురుతుందా?"

ఆయన వంటింటి వైపు చూశారు. నేను గింజలు తీస్తూనే ఉన్నాను.

"ఏమే, చెవుడా? చెప్పు." మళ్లీ ఆ అమ్మాయితో, "అన్నీ ఫెయిర్ కాపీ చేసింది కదండీ, నాకంటే ఆవిడకే బాగా గుర్తు," అని నవ్వారు.

మధులత నవ్వలేదు. లేచి వంటింటి గుమ్మం దాకా వచ్చి, "కుదురుతుందా అండీ?" అని నన్నే అడిగింది. ఇన్నేళ్లలో ఈ కథ గురించి నా మొహంలోకి చూసి అడిగిన మనిషి లేదు. "ఇంతవరకూ ఎవరూ అడగలేదమ్మా," అన్నాను. నిజమే, అన్ని పాత్రల్లో ఒక్కదానిచేతా నేను అడిగించలేదు.

తర్వాత కాగితాలు తీశారు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని శరత్‌చంద్ర తెలుగులో చదివి చెప్పాడు. 'ఈ కథ పూర్తిగా నా సొంత ఊహ, ఇందులో మరెవరికీ ఏ భాగమూ లేదు' అని రచయిత ఒప్పుకుంటున్నట్టు. దాని కింద రచయిత సంతకం, ఆ పక్కన ఒక సాక్షి సంతకం. ఆయన వంపులు తిప్పుతూ సంతకం పెట్టేశారు.

"అమ్మాజీ, చేతులు తుడుచుకుని రా. సాక్షిగా నువ్వు పెట్టు. ఇంట్లోదానివి, నీకన్నా బాగా ఎవరికి తెలుసు?"

వెళ్లాను. కడుక్కున్నా వేళ్లకి చింతపండు జిగురు పోలేదు. పెన్ను తీసుకుని ఆ వాక్యం వైపే చూస్తూ నిలబడ్డాను. పేరు తీసుకున్నారు, పోనీలే అనుకున్నాను. ఇప్పుడు నాకు భాగం లేదని నాచేతే రాయించుకుంటున్నారు, అదీ చింతపండు మధ్యలోంచి లేపి! ఒళ్లు మండిపోయింది.

"కానీవే, వాళ్లకి ట్రైను టైమవుతోంది," అన్నారు ఆయన.

పెన్నుకి మూత పెట్టి ఆయన ముందుంచాను.

"సాక్షి అంటే కళ్లారా చూసినవాళ్లు కదండీ. ఇరవై ఆరేళ్ల కాపురంలో మీరు కథ రాస్తుండగా నేనెప్పుడూ చూడలేదు."