పారేసే కత్తెర

ఆ రోజు అంచులమ్మ చేతిలో ఉన్న ఆస్తి ఒక్కటే: కర్టెన్ల కొట్లో కోత బల్ల దగ్గర నిలబడే హక్కు. అదీ పొద్దున్నే వచ్చింది, మర్నాటికల్లా చేజారినా జారవచ్చు.

ఏళ్ల తరబడి అంచులు మాత్రమే కుట్టింది కాబట్టి ఆమెకు ఆ పేరు. కోత మాస్టారికి చూపు మందగించడంతో యజమానురాలు ఆమెను బల్ల దగ్గరికి పిలిచి, హోటలు వాళ్ల కర్టెన్ల మఖమల్ గుడ్డ అప్పగించింది. "రేపు నా ఎదుట కొయ్యి. గీత తప్పితే మళ్లీ అంచులకే" అంది. బేరం సూటిగానే ఉంది.

మాస్టారు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆమె కుట్టిన అంచును రెండు వేళ్లతో తడిమి, ముక్కు చిట్లించి, కుట్లు విప్పి ఆమె ఒళ్లో పడేస్తాడు. అలాంటి మనిషి సాయంత్రం ఇంటికి పోతూ ఒక కాగితం పొట్లం బల్ల మీద ఆమె వైపు తోశాడు.

"పారేద్దామనుకున్నా. నీకైతే సరిపోతుందనిపించింది" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

పొట్లంలో పాత కత్తెర ఉంది.

గుండీలు కుట్టే అక్క దాన్ని చూసి మొహం మాడ్చుకుంది. "కత్తెర ఎవరైనా కానుకిస్తారటే? నీకూ ఈ బల్లకూ తెగిపోవాలనే ఇచ్చాడు."

"తెగేదైతే ఆయనకూ నాకూ తెగాలి కదక్కా. మా ఇద్దరికీ ముడి ఎప్పుడుంది?"

"నవ్వకు. ఇలా తే." అక్క ఒక పీలిక మీద కత్తెర ఆడించింది. గుడ్డ తెగలేదు, రెండు రేకుల మధ్య మడతపడి ఇరుక్కుంది. ఇస్త్రీ చేసేవాడూ ప్రయత్నించాడు. అంతే.

"చూశావా, కొయ్యట్లేదు, నములుతోంది. ఏదో చేయించే ఇచ్చాడు. ఆయన మొహానే కొట్టు, లేదా కాలవలో పడెయ్."

అంచులమ్మ లెక్క వేసుకుంది. తిరిగిస్తే భయపడిందంటారు. పడేస్తే వస్తువు పోయింది, భయం మిగిలింది. ఉంచుకుంటే మహా అయితే ఓ ఇనుప ముక్క. కత్తెరను సంచిలో వేసుకుంది.

మర్నాడు అందరికంటే ముందు వచ్చి దాన్ని కుడిచేత్తో పట్టుకుంది. బొటనవేలు దూర్చే కన్ను వేలిని ఒరుసుకుంటోంది. తిప్పి చూస్తే, ఆ కంటి వాలు కుడిచేతికి చేసినది కానే కాదు. ఆమె ఎడమచేతిని వాళ్లమ్మ చిన్నప్పుడే గరిటెతో అదిలించి మూల కూర్చోబెట్టింది. అయినా దారపు ఉండ జారిపడితే ముందు చాచుకునేది ఆ చెయ్యే. కత్తెర దానికిచ్చింది. పీలిక చివరిదాకా సాఫీగా తెగింది.

యజమానురాలు వచ్చింది. మాస్టారు గోడవార స్టూలు మీద కూర్చున్నాడు. అంచులమ్మ మఖమల్ బోర్లా పరిచి, గీత గీసి, కత్తెర ఎడమచేత్తో తీసింది.

"ఆ కత్తెరతోనా?" అక్క గొంతు పీలగా వచ్చింది. "అదీ ఎడమచేత్తోనా? ఒకదానికి రెండు అపశకునాలే."

"రెండూ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయిలే అక్కా."

"అది నా మఖమల్. నీ పంతాలకు కాదు" అంది యజమానురాలు.

"గీత తప్పితే అంచులకే అన్నారు, ఒప్పుకున్నాను. ఏ చేత్తో కొయ్యాలో మీరు చెప్పలేదమ్మా."

యజమానురాలు చేతులు కట్టుకుని నిలబడింది. కత్తెర కదిలింది. కుడిచేత్తో అంచు పీలికలు కోసినప్పుడల్లా కోత చివర్లో గీత తప్పేది. ఇవాళ తప్పలేదు. మాస్టారు లేచి వచ్చి, తెగిన అంచు పొడవునా రెండు వేళ్లు పోనిచ్చాడు. ముక్కు చిట్లించలేదు.

"ఊ" అన్నాడు.

"మాస్టారూ, ఇది నా మంచికిచ్చారా, చెడుకిచ్చారా?"

"పారేసేదని చెప్పాగా."

"అయితే తిరిగి అడక్కండి."

"అడగను" అని ఆయన వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు.

ఆ సాయంత్రానికి తేలింది ఇది. బల్ల నిలిచింది. కత్తెర దక్కింది, దానికి కాపలా కూడా అక్కర్లేదు, కొట్లో ఇంకెవరి చేతిలోనూ అది కొయ్యదు. మాస్టారి మనసులో ఏముందో తేలలేదు. అది ఆయన సరుకు, ఆయన దగ్గరే ఉండనీ అనుకుంది. అసలు లాభం వేరే ఉంది: ఇన్నేళ్లూ మూల కూర్చున్న చెయ్యి పనిలోకి వచ్చింది.