పొట్టు దగ్గర చిన్న అడుగు

కూర్మయ్య పంతం పట్టాడంటే పలాసలో ఆపేవాడు లేడు. తన జీడిపప్పు మిల్లులోకి కొత్తగా మైక్రోవేవ్ డ్రయ్యర్ దించాడు. ఏరి దాచుకున్న మేలురకం పప్పంతా సాయంత్రం ఒక్కసారే అందులో పెట్టేస్తానన్నాడు.

మేనకోడలు బిందుమాధవి వెంటనే అడ్డుపడింది. టెక్కలి కాలేజీలో ఆ పిల్ల పరిశోధనంతా విద్యుదయస్కాంత తరంగాల మీదే. డ్రయ్యర్ డబ్బాలో పప్పుని ఆరబెట్టే తరంగాలు ఒకచోట పోగుపడితే అక్కడి పప్పు మాడి మసైపోతుందని భయం.

"ఆగు మావయ్యా, ముందు కంప్యూటర్లో లెక్కేసి సెప్తాను."

"సాయంత్రం దాకా ఆగుతాను. బేగి తేల్చు," అన్నాడాయన.

తేల్చడం అంత సులువా! డబ్బాను చిన్న చిన్న గళ్ళుగా విడదీసి, కాలంలో ఒక్కో చిన్న అడుగే ముందుకు వేసుకుంటూ తరంగం ఎటు పాకుతుందో లెక్కగట్టాలి. గడి సన్నమైతే అడుగూ చిన్నదవ్వాలి. పప్పు మీది పొట్టేమో కాగితంకన్నా పల్చన. దానికోసం గళ్ళు సన్నంగా గీసేసరికి డబ్బా మొత్తానికీ నత్తనడక పట్టింది. విసుగొచ్చి అడుగు పెద్దది చేస్తే, అంకెలు పిచ్చెక్కినట్టు పెరిగిపోయి లెక్క కాస్తా తగలడింది.

"నా తెలివి తెల్లారినట్టే ఉంది!" అని తిట్టుకుంది. పొట్టు దగ్గర ఓపిక కావాలి, సరే. ఖాళీ గాలిలోనూ అదే ఓపిక దేనికి? మొండి పొట్టుకి కత్తి పడతారు గానీ, ఊదితే ఊడిపోయేదానికి మిల్లులో ఎవరైనా కత్తి పడతారా? గాలిలో పెద్ద అడుగులు, పొట్టు దగ్గర మాత్రం చిన్నవి వేయించింది. పెద్దది ఒకటి పడేలోపు చిన్నవన్నీ వచ్చి దాన్ని అందుకునేలా గాలీ పొట్టూ కలిసే అంచులో జాగ్రత్తగా కలిపింది. టిఫిన్ తిని వచ్చేసరికి, వేడి ఎక్కడ ఎక్కువో చూపే బొమ్మ సిద్ధం. అందులో డబ్బా నడిమధ్య ఎర్రగా మండుతోంది.

ల్యాప్‌టాప్ పట్టుకుని మిల్లుకి పరిగెత్తింది. "నడిమి పప్పు మాడిపోద్ది మావయ్యా!"

"కొత్త మిషన్ కాడ ఏటా మాటలు!" అని గయ్యిమన్నాడు.

"అయితే ఒక్క ట్రే పెట్టి సూడు."

పెట్టాడు. కాసేపటికి మిల్లంతా మాడు వాసన. ట్రే లాగితే చుట్టూ పప్పు బాగానే ఉంది, నడుమ బొగ్గు.

కూర్మయ్య పక్కన పేర్చిన మేలురకం పప్పు బస్తాలకేసి చూశాడు. అవన్నీ లోపల ఉండుంటే? కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగ అని బుకాయించాడు.

"ట్రే తిప్పుతా ఆరబెడితే ఏటవుతాదే?"

"లెక్కేసి సూడాలి."

"ఎంతసేపు?"

"టీ తాగేలోపు సెప్తాను."

కూర్మయ్య డ్రయ్యర్ స్విచ్ తనే ఆపేశాడు. "నా మేనకోడలు గుంట సెప్పీదాకా దీన్నెవరూ ముట్టుకోకండి!" అని మిల్లంతా వినబడేలా కేకేశాడు.