వైజాగులో లేని కొడుకు

నేను ఒక స్టీలు క్యారేజీని. మూడు గిన్నెలు, ఒక మూత, పక్కల రెండు కమ్మీలు, పైన ఒక పిడి. ఒకచోట కుదురుగా ఉండడం నా జాతకంలో లేదు. ఆకలి వెంటబెట్టుకుని ఎవరో ఒకరు ఎక్కడికో పోతూనే ఉంటారు. వాళ్ళ చేతికి వేలాడుతూ నేనూ పోతూనే ఉంటాను.

పుట్టింది మద్రాసు దగ్గర ఒక కార్ఖానాలో. విజయనగరం బజారులో నన్ను మొదట కొన్నవాడు సుందరరావు గారనే రైల్వే గార్డు. ఆయన ఏనాడూ నింపాదిగా తినలేదు. ముద్ద నోట్లో ఉండగానే సిగ్నల్ పడేది, నా మూత దడాలున పడేది. ఆయన రిటైరైన వారానికే భార్య నన్ను పాత సామాను కింద ఇచ్చి ఇడ్లీపాత్ర తెచ్చుకుంది. మనుషులకు విశ్రాంతి దొరికితే మా ఉద్యోగాలు ఊడతాయి.

కొట్టువాడు నా మూతమీద పేరు అరగదీసి, మెరుగుపెట్టి మళ్ళీ అమ్మాడు. ఈసారి కొన్నది వరహాలమ్మ. ఆమె భర్త అప్పలస్వామి జనపనార మిల్లులో పని చేసేవాడు. వాళ్ళకు ఒక్కడే కొడుకు, చంద్రమౌళి. మౌళిని చదివించాలని ఆ ఇంట్లో ఇద్దరూ పంతం పట్టారు. పిల్లవాడు ఎమ్మెస్సీ పాసయ్యాడు. ఆ ఏడాదే ఒక ఉదయం అప్పలస్వామీ నేనూ మిల్లుకు వెళ్ళేసరికి గేటుకు తాళం ఉంది. ఆయన ప్రహరీగోడ నీడలో కూర్చుని, నన్ను విప్పి అన్నం తిని, ఇంటికి వచ్చేశాడు. తర్వాత ఒక అపార్టుమెంటులో వాచ్‌మన్‌గా కుదిరాడు. నీలం చొక్కా, ఈల, ప్లాస్టిక్ కుర్చీ.

ఏమాటకామాటే చెప్పాలి, మౌళి సోమరి కాడు. సర్కారు పరీక్షలు రాశాడు. ఒకటి కోర్టులో పడింది, ఒకటి రద్దయింది, ఒకటి తృటిలో తప్పింది. మందుల కంపెనీలో కాంట్రాక్టు పనికి పోతే, గడువు తీరగానే సంచీ సర్దుకోమన్నారు. ముప్ఫై దాటాక బయటికి వెళ్ళడం తగ్గించాడు. వీధిలో ఎవరు ఎదురైనా ఒకటే ప్రశ్న, “ఏం చేస్తున్నావు?” ఆ ప్రశ్నకు భయపడి ఇంట్లోనే తిరిగేవాడు. వీధి తలుపు నుంచి పెరటి గుమ్మం దాకా, పెరటి గుమ్మం నుంచి వీధి తలుపు దాకా. రాత్రుళ్ళు ఆ అడుగులకు అలమరలో నా గిన్నెలు సన్నగా మోగేవి. పక్క గదిలో అప్పలస్వామి పొర్లుతూ ఉండేవాడు. వరహాలమ్మ తోమిన గిన్నెనే మళ్ళీ తోమేది.

ఒకసారి ఎవరో ప్రచారానికి వచ్చి, ఉద్యోగం లేనివాళ్ళకు నెలనెలా భృతి వస్తుందని మైకులో చెప్పారు. వరహాలమ్మ పట్టుబట్టి కొడుకు పేర బ్యాంకు ఖాతా తెరిపించింది. ఆ ఖాతా కూడా మౌళి లాగే ఖాళీగా కూర్చుంది.

ఆమె తమ్ముడు వచ్చి సలహా చెప్పాడు. రెండు రోజులు కూడు పెట్టకు, వాడే పని వెతుక్కుంటాడు అని. వరహాలమ్మ నా గిన్నె కడుగుతూనే జవాబిచ్చింది. “ఆకలేస్తే ఉజ్జోగం పుట్టుద్దేట్రా? అలగ పుడితే నానే పస్తులుందును.”

మౌళి మాత్రం రెండోసారి వడ్డించుకునేవాడు కాదు. అది కనిపెట్టాడేమో, అప్పలస్వామి నా మూడో గిన్నె ముట్టకుండా ఇంటికి తెచ్చేవాడు. ఆకలి లేదనేవాడు. “పాడైపోద్ది, తినీరా” అని తల్లి కొడుకు ముందు పెట్టేది. అడిగి తినడానికి సిగ్గుపడే మనిషి, మిగిలింది తినడానికి సిగ్గుపడడు. ఆకలి లేదన్న మనిషి తోవలో రెండుసార్లు మంచినీళ్ళు తాగడం నాకు తెలుసు.

ఆ అపార్టుమెంటులో విశాలాక్షి గారని, బ్యాంకులో చేసి రిటైరైన ఆవిడ ఉండేది. మంచి మనిషే, మాట్లాడటానికి మనుషులు లేరు. పూల కోసం కిందికి వచ్చినప్పుడల్లా గేటు దగ్గర ఆగేది. ఒకరోజు మీ అబ్బాయి ఏం చేస్తున్నాడని అడిగింది. అప్పలస్వామి నోట్లో ముద్ద ఉంది. నమిలి మింగేలోగా ఆయనకు అబద్ధం దొరికింది. వైజాగులో మందుల కంపెనీలో చేస్తున్నాడని చెప్పాడు. ఆవిడ సంతోషించింది. ఆ తర్వాత అడిగినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పాలి కదా! నా కళ్ళెదుటే ఆ వైజాగు కొడుక్కి రెండు ప్రమోషన్లు వచ్చాయి.

అప్పుడు అప్పలస్వామికి పచ్చకామెర్లు వచ్చాయి. మంచం దిగలేని స్థితి. మనిషిని పంపకపోతే వేరేవాళ్ళను పెట్టుకుంటామని, వాచ్‌మన్లను కుదిర్చే ఏజెన్సీ నుంచి ఫోను వచ్చింది. ఎవరిని పంపాలో తోచక వరహాలమ్మ గుమ్మంలోకీ వంటింట్లోకీ తిరుగుతోంది. మౌళి దండెం మీది నీలం చొక్కా తీసి తొడుక్కున్నాడు. భుజాల దగ్గర వదులుగా ఉంది.

అప్పలస్వామి లేవబోయి లేవలేకపోయాడు. “నువ్వక్కడికి ఎల్లొద్దురా.”

“ఏం నాన్నా?”

“అక్కడొక మేడమ్మ ఉంది. నువ్వు వైజాగుల ఉజ్జోగం సేస్తున్నావని సెప్పీసినాను. ఒకసారి సెప్పినాక మరి ఎనక్కి తీసుకోనేకపోనాను.”

మౌళి బొత్తాలు పెట్టుకోవడం ఆపాడు. “నేనక్కడ ఏం పని చేస్తున్నాను?”

“ఆఫీసరువి” అన్నాడు తండ్రి, గోడవైపు తిరిగి.

మౌళి మిగతా బొత్తాలు పెట్టుకుని, నన్ను పట్టుకుని బయలుదేరాడు. గేటు దగ్గర తండ్రి కుర్చీలో కూర్చున్నాడు. విశాలాక్షి గారు వచ్చి, అప్పలస్వామి ఏడీ, నువ్వెవరని అడిగింది. కామెర్లనీ, తాను ఆయన మేనల్లుణ్ణనీ మౌళి చెప్పాడు. తండ్రిని అబద్ధాలకోరుగా నిలబెట్టలేక తానే ఒక అబద్ధమయ్యాడు.

ఆ మర్నాటి నుంచి ఆవిడకు వైజాగు కొడుకు మీద కోపం మొదలైంది. తండ్రి మంచాన పడితే చూడటానికి రాలేదా, పెద్ద చదువులు చదివించింది ఇందుకేనా అని గేటు దగ్గర నిలబడి తిట్టేది. మౌళి చేతులు కట్టుకుని తనను తాను తిట్టించుకునేవాడు. ఒక మధ్యాహ్నం అన్నం తినబోతుండగా వచ్చి మళ్ళీ మొదలుపెట్టింది. అతను నా మూత చేతిలో పట్టుకునే లేచాడు.

“వచ్చాడండి. వాళ్ళ నాన్న దగ్గరే ఉన్నాడు. మందులూ అవీ వాడే చూస్తున్నాడు.”

“అలాగా? అయితే మంచివాడే పాపం. నేనే తొందరపడ్డాను” అని ఆవిడ వెళ్ళిపోయింది.

మౌళి తినలేదు. నన్ను నిండుగానే ఇంటికి తెచ్చాడు. తల్లి బెదిరిపోయి ఏమైందని అడిగింది. “ఈ రోజు ఒకావిడ నన్ను మంచివాడందమ్మా” అన్నాడు. సంగతంతా విని వరహాలమ్మ నవ్వబోయి, కొంగు నోట్లో కుక్కుకుంది.

అవతలి మంచం మీద అప్పలస్వామి అదంతా విన్నాడు. నయమై డ్యూటీలో చేరిన రోజున కొడుకును కూడా వెంట రమ్మన్నాడు. ఎందుకో చెప్పలేదు. విశాలాక్షి గారు పూలకు దిగగానే కుర్చీలోంచి లేచాడు.

“అమ్మా, ఈడు నా మేనల్లుడు కాదు. నా కొడుకే. వైజాగుల నాకెవులూ నేరు. ఉజ్జోగం నేదని సెప్పుకోడానికి బయమేసి అలగన్నాను. తప్పు నాది, ఈడిది కాదు.”

ఆవిడ తండ్రిని చూసింది, కొడుకును చూసింది. పూలు తీసుకుని లిఫ్టువైపు నడిచింది. ఆ తర్వాత గేటు దగ్గర ఆగడం మానేసింది. అబద్ధం చెప్పినందుకా, తాను అన్ని మాటలు అన్నందుకా, నాకు తెలియదు. ఆ రోజు తండ్రీ కొడుకులు నా గిన్నెలు మూడూ విప్పి, చెరిసగం తిన్నారు.

కథ ఇక్కడ తెమిలిపోతే బాగుండేది. మౌళికి ఉద్యోగం రాలేదు. అదే గేటు దగ్గర సాయంత్రం డ్యూటీ దొరికింది. అది ఉద్యోగం కాదని బంధువులు తేల్చారు. పరీక్షలు రాయడం అతను మానలేదు. వరహాలమ్మ నన్ను తోముతూ, మేం పోయాక ఈడికెవులు అని గొణుక్కోవడమూ మానలేదు. ఎవరికీ నిద్ర సరిగా పట్టదు. కానీ మౌళి ఇప్పుడు పట్టపగలు వీధిలో నడుస్తున్నాడు. ఎవరైనా అడిగితే వాచ్‌మన్‌గా చేస్తున్నానని చెప్పి, ఆగకుండా పోతున్నాడు.

పగలు తండ్రి చేతా, సాయంత్రం కొడుకు చేతా తిరిగి తిరిగి నా కమ్మీ విరిగింది. అతుకు నిలవక వరహాలమ్మ నన్ను అమ్మేసింది. ఇప్పుడు స్టేషను రోడ్డులో పాత ఇనుము కొట్టు ముందు, కుక్కర్ల మధ్య పడి ఉన్నాను. కరిగించే చోటికి లారీ ఎప్పుడు వస్తుందో తెలియదు. ఇందాక ఆ తండ్రీ కొడుకులు ఈ తోవనే వెళ్ళారు. దేనికో గట్టిగా వాదించుకుంటున్నారు. అప్పలస్వామి చేతులు తిప్పుతున్నాడు, మౌళి అడ్డంగా తల ఊపుతున్నాడు. ఆ ఇంట్లో అంత గట్టి గొంతులు నేనెన్నడూ వినలేదు. మాట వినబడేలోగా బస్సు అడ్డం వచ్చింది. వాళ్ళు తిరిగి ఈ తోవనే రావాలి, ఆ వాదన ఏమిటో నేను వినాలి. లారీ మాత్రం అప్పటిదాకా రాకూడదు.